ఇత్తెకిమాస్ అంటే వెళ్ళొస్తానని

ఆ మధ్య ఒకరోజు పొద్దున, బస్సు టైమైపోయి మా అమ్మాయి ఒక కాలికి బూటు వేసుకుని రెండోది చేత్తో పట్టుకుని గుమ్మం దాటుతూ "ఇత్తెకిమాస్!" అని ఒక కేక పెట్టి పోయింది. నేను చిన్నోడి డబ్బాలో పెరుగన్నం కుక్కుతున్నాను. ఏమందో అర్థం కాలేదు, అడిగేలోపు తలుపు ధడేల్‌మంది. సాయంత్రం పట్టుకుని అడిగితే చెప్పింది. జపాన్‌లో ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు అలా అంటారట, వెళ్ళి మళ్ళీ వస్తానని అర్థమట, ఇంట్లో ఉన్నవాళ్ళు "ఇత్తెరస్షాయ్" అనాలట, అంటే వెళ్ళి రా అని. "నువ్వు అనలేదు" అని పైగా నా మీదే ఫిర్యాదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పరాయి దేశంలో ఉన్నా, ఇదే గుమ్మం దగ్గర నాలుగేళ్ళుగా "వెళ్తున్నా అనకూడదే, వెళ్ళొస్తా అనాలి" అని నేను మొత్తుకుంటున్నది ఈ పిల్లకే. ఒక్కరోజు అన్న పాపాన పోలేదు. "బై" అంటుంది, అదీ మూడ్ బాగుంటే. హైదరాబాద్‌లో మా అక్క కూతురు దీనికంటే మూడేళ్ళు పెద్దది, అక్కా అని పిలవవే అంటే "తనకి పేరుంది కదా" అంటుంది. అదే మనిషి స్కూల్లో తనకంటే ఒక క్లాసు పెద్దదైన స్నేహితురాల్ని "ఒనే-చాన్" అని పిలుస్తోంది. ఒనే-చాన్ అంటే ఏంటో తెలుసా? అక్క.

ఎవరు నేర్పారు ఇవన్నీ అంటే ఎనిమే, అదే జపాన్ వాళ్ళ కార్టూన్ సీరియళ్ళు. కత్తులు, భూతాలు, తలలు తెగిపడేవి కాదు లెండి, అవి పదేళ్ళ పిల్లకు నేనే వద్దన్నాను. ఇది చూసేవి ఇంకో రకం. ఏమీ జరగదు. నలుగురు పిల్లలు టీ తాగుతారు. ఎవరో సైకిల్ తొక్కుతారు. వాన పడుతుంది, ఎపిసోడ్ అయిపోతుంది. మొదట్లో వారానికి రెండే అని రూల్ పెట్టాను. ఆ రూల్‌ని తూట్లు పొడిచింది కూడా నేనే, ఎందుకంటే సాయంత్రం నాకు మీటింగ్ ఉన్నప్పుడల్లా ఇంట్లో నిశ్శబ్దం కావాలి, ఆ నిశ్శబ్దం ఒక్కో ఎపిసోడుకి ఇరవై నాలుగు నిమిషాల చొప్పున దొరుకుతుంది. మా ఆయన దీన్ని "నీ రూల్స్ నీ మీటింగులకి వర్తించవు" అంటాడు. నిజమే, కానీ ఆయన నోటి నుంచి వింటే ఒళ్ళు మండుతుంది.

సరే, తప్పు పట్టాలంటే ముందు చూడాలి కదా అని పిల్లలు పడుకున్నాక ఒక్కదాన్నే కూర్చుని మొదలుపెట్టాను. అచ్చంగా సాక్ష్యాలు పోగుచెయ్యడానికే. అలా నాలుగు నెలలు పోగుచేశాను. ఇవాళ ఆ సాక్ష్యాలే చెప్తున్నా, ఎవరికైనా ఇంట్లో ఇదే గొడవ ఉంటే పనికొస్తుందేమో.

మా అమ్మాయికి అన్నిటికంటే ఇష్టమైంది కే-ఆన్. క్యోటో యానిమేషన్ వాళ్ళు 2009లో తీసింది. హైస్కూల్లో ఆడపిల్లలు మ్యూజిక్ క్లబ్ పెట్టుకుంటారు, వాయించేది తక్కువ, కేకులు తినేది ఎక్కువ. బొమ్మ గీసిన తీరు, పిల్లల చేతులు కాళ్ళు ఊరికే కదిలే తీరు చూస్తే ఎవరో దగ్గర కూర్చుని నిజం పిల్లల్ని గమనించి గీశారనిపిస్తుంది, ఆ మెచ్చుకోలు ముందే ఇచ్చేస్తున్నా. కానీ తెలుగు తల్లిగా చూస్తే నాకు ఊపిరాడలేదు. యుయి అనే పిల్ల రెండున్నర లక్షల యెన్‌ల గిటార్ మీద మనసు పడితే, స్నేహితురాలు ముగి వెళ్ళి బేరమాడి యాభై వేలకి ఇప్పిస్తుంది. ఎలాగయ్యా అంటే ఆ షాపు ముగి వాళ్ళదే. సికింద్రాబాద్ మోండా మార్కెట్లో మా అత్తగారు కూడా అంత తగ్గించలేరు. తర్వాత పరీక్షలొస్తాయి, యుయి ఫెయిలవుతుంది, కష్టపడి మళ్ళీ రాసి నూటికి నూరు తెచ్చుకుంటుంది, ఈలోగా నేర్చుకున్న గిటార్ కార్డ్స్ మొత్తం మర్చిపోతుంది. మా అమ్మాయి కిందపడి నవ్వింది. నాకు మాత్రం మా ఇంట్లో కూచిపూడి, లెక్కల ట్యూషన్, తెలుగు క్లాసు మూడూ ఒకే తలలో పెడుతున్న సంగతి గుర్తొచ్చి నవ్వు సగంలో ఆగిపోయింది.

నచ్చనివీ ఉన్నాయి. సావాకో అనే టీచరమ్మ పిల్లలకి బలవంతంగా వేషాలు వేయించే సీన్లు నాకు అస్సలు నచ్చలేదు, అది తమాషా ఎలా అవుతుందో ఇప్పటికీ అర్థం కాలేదు. ఇంకోటి, ఆ యుయి చెల్లెలు ఉయి. అమ్మానాన్నలు ఎప్పుడూ ఊళ్ళు తిరుగుతుంటారు, అక్క సోఫాలో దొర్లుతుంటుంది, వంటావార్పూ అంతా చెల్లెలిదే. నేను ఇదేమన్యాయం అంటే మా అమ్మాయి "ఎంత మంచి సిస్టరో చూడు" అని మా చిన్నోడి వైపు చూసింది. వాడికి ఐదేళ్ళు. పాపం, వాడు వెళ్ళి నిజంగానే దానికి నీళ్ళు తెచ్చిచ్చాడు.

యురు క్యాంప్ 2018లో వచ్చింది. రిన్ అనే అమ్మాయి చలికాలంలో, ఒక్కతే, టెంటు వేసుకుని ఫుజి కొండ ఎదురుగా మోతోసు సరస్సు ఒడ్డున పడుకుంటుంది. నదేషికో అని ఇంకో పిల్ల అక్కడ దారి తప్పి ఏడుస్తుంటే ఇద్దరూ కలిసి కప్పు కర్రీ నూడుల్స్ తింటారు. అంతే కథ. ఆ ఆవిర్లు, ఆ ఊదుకుని తినడం, మబ్బు తొలగి రాత్రిపూట కొండ కనబడటం, బ్రహ్మాండం. పాత వెయ్యి యెన్‌ల నోటు మీద ఉండేది ఆ సరస్సు దగ్గర్నుంచి కనబడే ఫుజియేనట. నేను మురిసిపోతూ చూశాను. మర్నాడు మా అమ్మాయి సైకిల్ మీద రెండు సందుల అవతల ఉన్న ఫ్రెండ్ ఇంటికి ఒంటరిగా వెళ్తానంటే వద్దన్నాను. "రిన్ వెళ్తే బాగుంది అన్నావుగా" అంది. అది కార్టూన్ అన్నాను. "అయితే నువ్వు దాన్ని చూసి ఎందుకు అలా అయిపోయావు" అంది. నా దగ్గర జవాబు లేదు, అందుకని హోంవర్క్ అయిందా అని అడిగాను.

నన్ను గట్టిగా పొడిచింది మాత్రం ఉసాగి డ్రాప్. 2011, పదకొండే ఎపిసోడ్లు. ముప్పై ఏళ్ళ బ్రహ్మచారి దైకిచి తాతగారి అంత్యక్రియలకు వెళ్తే, ఆ తాతకి ఎవరికీ చెప్పని ఆరేళ్ళ కూతురుందని తెలుస్తుంది. బంధువులంతా నాకొద్దంటే నాకొద్దని గుసగుసలాడుతుంటే ఇతను ఆ పిల్లని ఇంటికి తెచ్చుకుంటాడు. మన పెళ్ళిళ్ళలో, కర్మల్లో వెనక వరండాలో జరిగే మాటలే అవి, ఒక్క అక్షరం తేడా లేదు. ఆ తర్వాత అతను ఆఫీసులో ఓవర్‌టైం చెయ్యలేనని చెప్పి వేరే డిపార్ట్‌మెంటుకి మార్పించుకుంటాడు. పదోన్నతి పోతుందని తెలిసే. పాజ్ నొక్కి చాలాసేపు కూర్చున్నాను. ఐదేళ్ళ కింద నేను అడగాల్సిన మాట అది. అడగలేదు. ఇంటి అప్పు అనుకున్నాను, వీసా అనుకున్నాను. వీసా సంగతి తేలిపోయాక కూడా అడగలేదు, అంటే నాకు ఆ పనంటే ఇష్టమే, ఒప్పుకోవడమే ఇష్టం లేదు. ఇంకొక్క మాట, ఈ కథ కామిక్ పుస్తకాల్లో తర్వాత చాలా వికారంగా ముగుస్తుంది, ఎనిమే చూసి అక్కడితో ఆపెయ్యండి, పిల్లల చేతికి ఆ పుస్తకాలు ఇవ్వకండి. ఈ వ్యాసం మొత్తంలో నేను ధైర్యంగా ఇచ్చే సలహా ఇదొక్కటే.

స్వీట్‌నెస్ అండ్ లైట్నింగ్ అని ఇంకోటుంది, భార్య పోయిన ఒక మాస్టారు చిన్న కూతురికి వండి పెట్టడం నేర్చుకోవడం. మొదటి ఎపిసోడ్లో మట్టికుండలో అన్నం వండుతారు, మూత తియ్యగానే ఆ పిల్ల మొహం చూడాలి. మనవాళ్ళ అత్తెసరే కదా అది, కొలిచి నీళ్ళు పోసి గంజి వార్చకుండా వండటం. నేను ఆదివారం కుక్కర్ పక్కనపెట్టి గిన్నెలో అత్తెసరు పెట్టాను, అడుగంటింది. మా అమ్మాయి ఆ మాడు చెక్కుని గీక్కుని తిని "ఒకోగే" అంది. దానికీ జపనీస్‌లో ఒక పేరుందన్నమాట. మాడు అంటారే అన్నాను. మాడు బాగోలేదు, ఒకోగే బాగుంది అంది.

మధ్యలో హైదరాబాద్ అక్కకి ఫోన్ చేసి ఈ గోడు చెప్పుకుంటే, ఆవిడ గోడు వేరే. వాళ్ళ చిన్నవాడు షించాన్ చూసి పెద్దవాళ్ళకి ఎదురు సమాధానాలు చెప్తున్నాడట, అదీ తెలుగులో. అక్కడ షించాన్ శుభ్రంగా తెలుగు మాట్లాడతాడు, డోరేమాన్ కూడా. ఆలోచిస్తే తల తిరిగింది. హైదరాబాద్ పిల్లాడు జపాన్ పిల్లాడి నోట తెలుగు వింటున్నాడు, ఇక్కడ తెలుగు పిల్ల ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదువుకుంటూ జపనీస్ వింటోంది. ఎవరి పిల్లలు ఎక్కడున్నట్టు?

మా అమ్మకి చెప్తే ఇంకోలా తీసుకుంది. సజాఎ-సాన్ అని 1969 నుంచి జపాన్‌లో ప్రతి ఆదివారం సాయంత్రం టీవీలో వస్తూనే ఉన్న సీరియల్ ఒకటుందని, అందులో అమ్మా నాన్నా, కూతురూ అల్లుడూ, వాళ్ళ కొడుకు, కూతురి తమ్ముడూ చెల్లెలూ ఏడుగురు ఒకే ఇంట్లో ఉంటారని చెప్పాను. "అల్లుడు ఇల్లరికమా?" అంది వెంటనే. అతను ఇంటిపేరు మార్చుకోలేదు కాబట్టి పూర్తి ఇల్లరికం కాదు అంటే, "అయితే మంచివాడే, అత్తగారితో పడుతోందా?" అని అడిగింది. యాభై ఏళ్ళు దాటినా పడుతోందమ్మా అన్నాను. "వాళ్ళ వయసు పెరగదేమో" అంది అమ్మ. నిజంగానే పెరగదు. ఒక్క ఎపిసోడ్ చూడకుండా రహస్యం పట్టేసింది.

ఇంతవరకు వచ్చాక నాకో గొప్ప ఆలోచన వచ్చింది. దెబ్బలాట ఎందుకు, పిల్లతో కలిసి చూద్దాం, చూస్తూ మన మాటలు మెల్లగా ఎక్కిద్దాం అని. "ఇతదాకిమాస్" అని వాళ్ళు దణ్ణం పెట్టుకుని తింటే "చూడు, మనమూ అన్నం కళ్ళకద్దుకుంటాం" అనడం. చెప్పులు గుమ్మంలో విడిస్తే "చూడు, మనలాగే" అనడం. క్రియ వాక్యం చివర్లో వస్తుంది చూశావా, తెలుగులో కూడా అంతే, ఇంగ్లీషులా కాదు అనడం. ఈ చివరిది చెప్పినప్పుడు నాకు నేనే ముద్దొచ్చాను. మూడో రోజు అది రిమోట్ తీసుకుని ఆపేసి, అరవలేదు, ఏడవలేదు, మామూలు గొంతుతో ఇంగ్లీషులో అంది, నువ్వు ప్రతిదాన్నీ తెలుగు క్లాసు చేసేస్తావమ్మా అని. నాకు ఇది ఎందుకిష్టమో తెలుసా, ఇందులో ఎవరూ నాకేమీ నేర్పరు అని.

ఆ రాత్రి ఊరుకోలేక దానికి నేర్పిన మాటలన్నీ ఒకసారి లెక్కేసుకున్నాను. వెళ్ళొస్తా అను. అక్కా అను. మీరు అను. కుడిచేత్తో తీసుకో. అన్నీ ఆజ్ఞలే. కే-ఆన్ వాళ్ళు దానికి ఒక్క ఆజ్ఞ ఇవ్వలేదు. అయితే ఆజ్ఞలివ్వకుండా పిల్లల్ని పెంచినవాళ్ళెవరు, మా అమ్మ ఇవ్వలేదా అని వెంటనే ఎదురు వాదన కూడా నేనే తయారుచేసుకున్నాను. తర్వాత ఇంకోటి తట్టింది. అమ్మతో ఫోన్ పెట్టేసేటప్పుడు నేనేమంటాను? మా అమ్మ "ఉంటాను మరి" అంటుంది. నేను? "ఓకేమ్మా బై." ఏళ్ళ తరబడి.

ఇక ఆదివారం సంగతి. నిజానికి ఇది రాయడానికి కూర్చున్నది దాని కోసమే, కానీ అటూ ఇటూ తిరిగొచ్చాను.

నాన్ నాన్ బియోరి అని ఒకటుంది, 2013లో మొదలై 2021 దాకా మూడు సీజన్లు వచ్చింది. కొండల మధ్య పల్లె, బడికి మొత్తం ఐదుగురు పిల్లలు. టీచర్ క్లాసులో నిద్రపోతుంది. ఒకటో తరగతి పిల్ల రెంగె, ఏ భాషలోనూ లేని "న్యాన్‌పాసు" అనే పలకరింపు తనే కనిపెట్టుకుంది. మొదటి ఎపిసోడ్లో దాని అనుమానం ఒకటే, మనది పల్లెటూరా ఏంటి అని. ఆవులు, పొలాలు, కప్పల అరుపులు, కెమెరా ఎక్కడికీ పోదు, చెట్టు మీద ఆగితే ఆగినట్టే. నాకు ఇది ఎంత నచ్చిందో చెప్పలేను, చెప్పలేననడం కూడా కొంచెం సిగ్గే, ఎందుకంటే అలాంటి ఊళ్ళో పుట్టి ఎప్పుడెప్పుడు బయటపడదామా అని చదివినదాన్ని. ఐదుగురు పిల్లల బడి తమాషా కాదు కూడా, జపాన్ పల్లెల్లో పిల్లలు లేక బడులు మూతపడటం నిజంగా జరుగుతున్నదే. ఎనిమే ఆ మాట ఎత్తదు, ఎండ బాగుంటుంది, అందరూ నవ్వుతుంటారు. దాన్ని అబద్ధం అనాలో దయ అనాలో నేనింకా తేల్చుకోలేదు.

నాలుగో ఎపిసోడ్. వేసవి సెలవులు. రెంగెకి తన వయసే ఉన్న హోనొకా దొరుకుతుంది, అమ్మమ్మగారింటికి వచ్చిన పిల్ల. ఇద్దరూ ఊరంతా తిరుగుతారు, ఫొటోలు తీసుకుంటారు, రేపు మళ్ళీ అనుకుంటారు. రేపు రెంగె వెళ్ళి పిలిస్తే ఆ పెద్దావిడ ఒక్కతే బయటికొస్తుంది. వాళ్ళ నాన్నకి పనిబడి వెళ్ళిపోయారమ్మా అంటుంది. అప్పుడు కెమెరా రెంగె మొహం మీద ఆగుతుంది. మాటల్లేవు. చాలాసేపు. కళ్ళు మెల్లగా నిండుతాయి.

నేను ముక్కు ఎగబీలుస్తున్నాను, దొరికిపోతానని దగ్గు నటిస్తున్నాను. మా అమ్మాయి ఏడవలేదు. తెర మీంచి చూపు తిప్పకుండా, తెలుగులో, "అమ్మా, మనం హోనొకా కదా" అంది.

మొదట నాకు వెలగలేదు. "మనం చెప్పకుండా వచ్చేశాం కదా" అంది.

రెండేళ్ళ కింద వేసవిలో తణుకు దగ్గర మా ఊళ్ళో నెల రోజులున్నాం. పక్కింట్లో ఒక పిల్ల, దీనికంటే ఏడాది చిన్నది. దానికి ఇంగ్లీషు రాదు, దీనికి తెలుగు అంతంతమాత్రం, అరుగు మీద వామనగుంటలు వేసుకుని చింతగింజలు లెక్కపెట్టుకుంటూ పొద్దంతా గడిపేసేవాళ్ళు. దాని తెలుగు ఏ క్లాసులోనూ రానంత బాగా వచ్చిన నెల అది. ఆఫీసు నుంచి ఫోనొచ్చి టికెట్లు మూడు రోజులు ముందుకు జరిపాను. నాన్నకి కాదు, ఇక్కడ పనిబడింది అమ్మకి. కారు తెల్లవారుజామున మూడింటికి బయల్దేరింది. చెప్పి వస్తానని ఇది పక్కింటి తలుపు వైపు నడిస్తే, అంతా పడుకున్నారు, వెళ్ళాక ఫోన్ చేద్దాం అని కారెక్కించాను. చెయ్యలేదు. ఇంకో సంగతి దానికి ఇప్పటిదాకా తెలియదు. ఆ పొద్దున్నే ఆ పిల్ల డబ్బాలో చింతగింజలు తీసుకుని వచ్చి పిలిచిందని, లేరంటే కాసేపు అరుగు మీద కూర్చుని వెళ్ళిందని అమ్మ చెప్పింది. వాళ్ళిద్దరికీ మధ్య ఉన్నది తెలుగే, ఆ తెలుగుని నేను చేజేతులా కారులో వేసుకుని వచ్చేశాను. వెళ్ళొస్తా అనాలే అని నాలుగేళ్ళు నేర్పిన దాన్ని.

ఆదివారం ఆ చింతగింజల మాట చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సిందేమో, తెలియదు. అది చాలాసేపు నాతో మాట్లాడలేదు. ఎపిసోడ్లో తర్వాత హోనొకా దగ్గర్నుంచి ఉత్తరం, ఫొటో వస్తాయి. రాత్రి మా అమ్మాయి రూళ్ళ కాగితం ఒకటి చింపి తెచ్చి, నన్ను ఏమీ అడగకుండా తెలుగులో నాలుగు లైన్లు రాసింది. క్లాసులో ఒక పేజీ రాయమంటే గంట సేపు పెన్సిల్ చెక్కే పిల్ల. అమ్మకి ఫోన్ చేసి అడిగితే వాళ్ళు ఇప్పుడక్కడ లేరు, పిల్ల తండ్రికి హైదరాబాద్‌లో పని దొరికిందని ఏడాది కింద వెళ్ళిపోయారు, ఇంటికి తాళం, అడ్రసు ఎవరినైనా కనుక్కుంటానంది. ఈసారి పెట్టేసేటప్పుడు ఉంటానమ్మా అన్నాను. "ఏంటే, ఒంట్లో బాగోలేదా?" అంది.

ఉత్తరం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. "నేను చెపకుండా వచేసాను" అని మొదలవుతుంది. వత్తులు లేవు, ఒక్కటీ లేవు. ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. రెండు రోజులు ఉన్నాను. నిన్న రాత్రి కాఫీ కప్పు కడగడానికి లేచి, అటూ ఇటూ చూసి, పెన్సిల్‌తో పకి మాత్రం చిన్న వత్తు పెట్టాను. పొద్దున పాలు తియ్యడానికి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి అది అక్కడే నిలబడి కాగితం దగ్గరగా చూసింది. "అమ్మా, ఇది నా రైటింగ్ కాదు" అని రబ్బరు తేవడానికి లోపలికి వెళ్ళింది.